బాగా పరుగెత్తే కుర్రాడికి పాస్ వేయడం ఎందుకు కష్టమైంది?



మీ బంధువుల్లో ఎవరో ఒకరు అమెరికాలో ఉండే ఉంటారు. వాళ్ల పిల్లలు కాలేజీ ఫుట్‌బాల్ గురించి మాట్లాడుతుంటే మన పిల్లలు వింటారు, మర్నాడు క్లాసులో మమ్మల్ని అడుగుతారు. చేత్తో ఆడే ఆటని ఫుట్‌బాల్ అని ఎందుకంటారని అడిగితే నేను మాట మార్చేస్తాను. కానీ ఆ ఆటలో ఒక ఆటగాడి కథ మాత్రం మీతో పంచుకోవాలని ఉంది. అందులో మన పిల్లల చదువుకి దగ్గరగా ఉండే విషయం ఒకటుంది.

ముందు ఆట గురించి నాలుగు మాటలు. జట్టుకి 11 మంది, 100 గజాల మైదానం, కోడిగుడ్డు ఆకారంలో తోలు బంతి. నాలుగు ప్రయత్నాల్లో కనీసం 10 గజాలు ముందుకు వెళ్లాలి, లేకపోతే బంతి అవతలి జట్టుకి పోతుంది. ప్రయత్నం మొదలవగానే బంతి దాదాపు ఎప్పుడూ క్వార్టర్‌బ్యాక్ చేతికే వస్తుంది. అతను దాన్ని పక్కవాడికి అందించవచ్చు, ముందుకు వెళ్లే సహచరుడికి విసరవచ్చు, తానే పట్టుకుని పరుగెత్తవచ్చు. విసరడాన్ని పాస్ అంటారు. మన మార్కుల పాస్‌కి దీనికి సంబంధం లేదు.

జేలెన్ హర్ట్స్ టెక్సస్‌లో హ్యూస్టన్ పక్కనున్న చానెల్‌వ్యూ కుర్రాడు. తండ్రి హైస్కూల్ ఫుట్‌బాల్ కోచ్. కాబట్టి ఆట తెలియనివాడేమీ కాదు. 2016లో అలబామా యూనివర్సిటీలో చేరాడు. అక్కడి స్టేడియంలో లక్షమంది కూర్చుంటారు. ఫస్టియర్‌లోనే ప్రధాన క్వార్టర్‌బ్యాక్ అయ్యాడు, ఒక్క సీజన్‌లో 954 గజాలు పరుగెత్తాడు, వాళ్ల లీగ్‌లో ఉత్తమ అటాకింగ్ ఆటగాడిగా అవార్డు అందుకున్నాడు. జట్టు వరసగా 14 మ్యాచ్‌లు గెలిచి ఫైనల్‌కి వెళ్లింది.

2017 జనవరి 9న క్లెమ్సన్‌తో ఆ ఫైనల్ జరిగింది. హర్ట్స్ 31 సార్లు బంతి విసిరితే సహచరుల చేతికి అందింది 13 సార్లే. అయినా ఆట ముగియడానికి సుమారు రెండు నిమిషాలు ఉండగా తానే 30 గజాలు పరుగెత్తి జట్టుని ఆధిక్యంలోకి తెచ్చాడు. ఆఖరికి ఒక్క సెకను మిగిలి ఉండగా క్లెమ్సన్ స్కోరు చేసి 35–31తో గెలిచింది. అలాంటి పరుగు చూశాక 31లో 13 అన్న లెక్క ఎవరికైనా చిన్నగానే కనిపిస్తుంది.

అసలు ఇబ్బంది ఎక్కడ?

పాస్ అంటే చేతి బలం అనుకుంటాం. నిజానికి అది ఎక్కువగా కళ్ల పని, కాళ్ల పని. బంతి చేతికొచ్చాక క్వార్టర్‌బ్యాక్‌కి దొరికేది సుమారు మూడు సెకన్లు. ఎదుటి నుంచి బరువైన మనుషులు మీదికి వస్తుంటారు. అయినా వాళ్ల వైపు చూడకూడదు. దూరంగా పరుగెడుతున్న మొదటి సహచరుణ్ని చూడాలి, అతని దగ్గర ప్రత్యర్థి ఉంటే రెండోవాణ్ని, అక్కడా కుదరకపోతే మూడోవాణ్ని చూడాలి. విసిరేది కూడా అతను ఇప్పుడున్న చోటికి కాదు, క్షణం తర్వాత ఉండబోయే చోటికి. చాలాసార్లు ఆ సహచరుడు వెనక్కి తిరగకముందే బంతి చెయ్యి దాటాలి.

బాగా పరుగెత్తగలవాడికి ఇక్కడ ఒక సులువైన దారి ఉంటుంది. మొదటివాడు ఖాళీగా లేడు, పక్కన సందు కనిపించింది, దూరిపోయాడు. ఎనిమిది గజాలు వచ్చాయి. జనం చప్పట్లు కొట్టారు. ఆ రోజుకి అది సరైన నిర్ణయమే, తప్పని ఎవరనగలరు? కానీ అలా చేసిన ప్రతిసారీ రెండోవాణ్ని, మూడోవాణ్ని చూసే అలవాటు ఒక రోజు వెనక్కి పోతుంది. ప్రత్యర్థి బలహీనంగా ఉన్నంతకాలం ఈ లోటు బయటపడదు. గట్టి జట్టు ఏం చేస్తుందంటే, రెండు పక్కలా దారి మూసేసి, అతని పరుగు మీద కన్నేసి ఉంచడానికే ఒక మనిషిని పెట్టి, 'ఇక విసురు చూద్దాం' అంటుంది.

2017 సీజన్‌లో హర్ట్స్ 255 పాస్‌లు వేస్తే ప్రత్యర్థి చేతికి చిక్కింది ఒక్కటే. ఈ లెక్క దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పేపర్ మీద అద్భుతం. కానీ తప్పులు అంత తక్కువగా ఉండడానికి రెండు కారణాలుండవచ్చు: గొప్ప నైపుణ్యం ఉండాలి, లేదా కష్టమైనది ప్రయత్నించకపోయుండాలి. అతని విషయంలో రెండోది కూడా బాగానే ఉందని నా అభిప్రాయం. అనుమానంగా ఉన్న పాస్ వేయడం కన్నా పరుగెత్తడం మేలనుకునేవాడి ఖాతాలో తప్పులు పడవు.

ఇంగ్లిష్ టీచర్‌గా ఇలాంటి నోట్‌బుక్‌లు నాకు రోజూ కనిపిస్తాయి. ఎక్కడా ఎర్ర గీత ఉండదు. ఎందుకంటే ప్రతి వాక్యం నాలుగైదు పదాలే, అన్నీ తెలిసిన పదాలే. గ్రామర్ బిట్స్‌లో ఇరవైకి ఇరవై, సొంతంగా ఒక పేరా రాయమంటే పెన్ను కదలదు. అదే క్లాసులో ఇంకో అమ్మాయి పెద్ద వాక్యం మొదలుపెట్టి, మధ్యలో తడబడి, స్పెల్లింగ్ తప్పు రాసి, ఎలాగోలా ముగిస్తుంది. ఆమె పుస్తకం నిండా ఎరుపే. ఇంట్లో తిట్లు తినేది కూడా ఆమే. ఆమెని చూస్తే నాకు పెద్దగా దిగులు ఉండదు.

మళ్లీ హర్ట్స్ దగ్గరికొద్దాం. 2018 జనవరి 8న అట్లాంటాలో జార్జియా యూనివర్సిటీతో ఫైనల్. సగం ఆట అయ్యేసరికి అతను 8 పాస్‌లు వేశాడు, 3 అందాయి, మొత్తం కలిపి 21 గజాలు. స్కోరు 0–13. కోచ్ నిక్ సేబన్ విరామంలో అతన్ని కూర్చోబెట్టి ఫస్టియర్ కుర్రాడు టువా టాగొవైలోవాని దింపాడు. టువా వేసిన 41 గజాల పాస్‌ని డెవాంటా స్మిత్ పట్టుకోవడంతో అదనపు సమయంలో అలబామా 26–23తో గెలిచింది. దేశమంతా చూస్తుండగా హర్ట్స్ పక్కనే నిలబడి ఉన్నాడు.

మన ఇంట్లో అయితే మర్నాడే టీసీ కోసం ఆఫీసు ముందు నిలబడేవాళ్లం, నిజం చెప్పండి! హర్ట్స్ ఆ ఏడాది వెళ్లలేదు. టువా వెనక రెండో స్థానంలో ఉంటూ సాధన చేశాడు. 2018లో దొరికిన కొద్ది అవకాశాల్లో 70 పాస్‌లు వేస్తే 51 అందాయి. డిసెంబర్ 1న లీగ్ ఫైనల్, అదే అట్లాంటా, అదే జార్జియా. టువా గాయపడ్డాడు, అలబామా 21–28తో వెనకబడి ఉంది. హర్ట్స్ వచ్చి ఒక పాస్‌తో స్కోరు సమం చేశాడు, తర్వాత తానే పరుగెత్తి 35–28తో గెలిపించాడు. అదే నెలలో డిగ్రీ పూర్తి చేసుకుని, మిగిలిన ఒక్క సీజన్ కోసం ఓక్లహోమా యూనివర్సిటీకి మారాడు.

అక్కడి కోచ్ లింకన్ రైలీ అతని పరుగుని ఆపించలేదు. దాన్నే పాస్‌కి పనికొచ్చేలా చేశాడు. క్వార్టర్‌బ్యాక్ పరుగెత్తబోతున్నట్టు కదిలితే ప్రత్యర్థులు భయపడి రెండడుగులు ముందుకు వస్తారు, వాళ్ల వెనక ఖాళీ ఏర్పడుతుంది, బంతి అక్కడికి వెళ్తుంది. 2019లో హర్ట్స్ 340 పాస్‌లకి 237 అందించాడు, 3,851 గజాలు. పరుగులో మరో 1,298. దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ పోటీలో రెండో స్థానం.

అంతా బాగైపోయిందని మాత్రం అనుకోకండి. ఓక్లహోమాలో అంతకుముందు రెండేళ్లూ క్వార్టర్‌బ్యాక్‌లే హైస్మన్ గెలిచారు, కాబట్టి ఆ పద్ధతికీ కొంత ఘనత ఇవ్వాలి. పైగా ఆ ఏడాది సెమీఫైనల్‌లో గట్టి జట్టు ఎల్‌ఎస్‌యూ చేతిలో వాళ్లు 28–63తో చిత్తుగా ఓడారు. ఆ రోజు హర్ట్స్ పాస్‌లు 31, అందినవి 15. మూడేళ్ల క్రితం ఫైనల్ లెక్కకి ఎంత దగ్గరో చూడండి. 2020లో ప్రొఫెషనల్ జట్లు ఆటగాళ్లను ఎంచుకున్నప్పుడు ఫిలడెల్ఫియా ఈగల్స్ అతన్ని తీసుకుంది 53వ స్థానంలో. 2025 ఫిబ్రవరిలో అదే జట్టు సూపర్ బౌల్ గెలిచినప్పుడు అతని పాస్‌లు 22కి 17 అందాయి, ఉత్తమ ఆటగాడి అవార్డూ అతనికే వచ్చింది. ఆ రోజు వేసిన ఒక 46 గజాల పాస్‌ని అందుకున్నది ఎవరనుకున్నారు? డెవాంటా స్మిత్.

అలవాటు మారడానికి ఒక టర్మ్ చాలదని మీకు చెప్పడానికే ఇన్ని సంవత్సరాల లెక్కలు ఇచ్చాను. పిల్లలు ఒక సబ్జెక్టులో తెచ్చే మంచి మార్కులు ఇంకో చోటి లోటుని కప్పేస్తున్నాయేమో ఇంట్లో తెలియడం కష్టం. ప్రోగ్రెస్ కార్డులో అసలే తెలియదు. అందుకే ఈసారి పేరెంట్ టీచర్ మీటింగ్‌కి వచ్చినప్పుడు ఇంగ్లిష్ కాంపోజిషన్ నోట్‌బుక్ అడిగి తీసుకోండి. ఎర్ర గీతలు లెక్కపెట్టకండి. మీ అమ్మాయి, అబ్బాయి సొంతంగా రాసిన అతి పొడవైన వాక్యం ఏదో వెతకండి, అది ఏ నెలలో రాశారో తేదీ చూడండి. ఆరు నుంచి తొమ్మిదో తరగతి వరకు పుస్తకాలు ఆ రోజు క్లాస్‌రూమ్ బయట బల్ల మీద పెడతాము.