బందీ అయిన సైనికునికీ హక్కులున్నాయి



నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతాల్లో పుట్టి పెరిగిన మనకు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ కొత్త కాదు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఆయనను ఉరి తీశారు. ఆయన తల 1877 వరకు కోటకు వేలాడుతూనే ఉంది. చేతికి చిక్కిన శత్రువు పట్ల ఇలా ప్రవర్తించరాదని చెప్పే అంతర్జాతీయ చట్టం ఆనాడు లేదు.

ఈనాడు ఉంది. 1949 ఆగస్టు 12న కుదిరిన మూడవ జెనీవా ఒప్పందం యుద్ధ ఖైదీల కోసమే పుట్టింది. దాని ప్రకారం బందీ తన పేరు, హోదా, పుట్టిన తేదీ, సైనిక నంబరు చెబితే చాలు. రహస్యాల కోసం హింసించరాదు. గాయపడితే వైద్యం చేయించాలి. ఇంటికి ఉత్తరం రాసుకోనివ్వాలి. మరణిస్తే గౌరవంగా అంత్యక్రియలు జరపాలి. భారత్, పాకిస్తాన్ రెండూ ఈ ఒప్పందాన్ని ఆమోదించాయి.

అయినా కార్గిల్‌లో ఏం జరిగింది? హిమాచల్ ప్రదేశ్‌లోని పాలంపూర్‌కు చెందిన కెప్టెన్ సౌరభ్ కాలియా 1998 డిసెంబర్‌లో సైన్యంలో అధికారి అయ్యాడు. 4వ జాట్ రెజిమెంట్‌లో చేరాడు. ఐదు నెలలకే, 1999 మే 15న, ఐదుగురు జవాన్లతో కాక్సర్ ప్రాంతంలో గస్తీకి వెళ్ళి శత్రువులకు చిక్కాడు. అర్జున్ రామ్, భన్వర్ లాల్, భికా రామ్, మూలా రామ్, నరేశ్ సింగ్ ఆ జవాన్లు. జూన్ 9న ఆరుగురి మృతదేహాలు మన సైన్యానికి అందాయి. శరీరాలపై చిత్రహింసల గుర్తులున్నాయని మన దేశం ప్రకటించింది. పాకిస్తాన్ కాదన్నది. అప్పటికి సౌరభ్‌కు ఇరవై మూడేళ్ళు కూడా నిండలేదు. ఈ విషయాన్ని అంతర్జాతీయ న్యాయస్థానానికి తీసుకెళ్ళాలని కోరుతూ అతని తండ్రి 2012లో సుప్రీంకోర్టు తలుపు తట్టారు.

అదే యుద్ధంలో మే 27న మిగ్-27 విమానం ఇంజన్ ఆగిపోగా, తెలుగు కుటుంబానికి చెందిన ఫ్లైట్ లెఫ్టినెంట్ కంభంపాటి నచికేత పారాచూట్‌తో దిగి బందీ అయ్యాడు. జూన్ 3న అతన్ని రెడ్‌క్రాస్‌కు అప్పగించారు. ప్రాణాలతో ఇంటికి చేరాడు.

చట్టం ఒక్కటే. ఒకరు తిరిగొచ్చారు, ఆరుగురు రాలేదు. కాగితం మీది చట్టం తనంతట తాను ఎవరినీ కాపాడదు. దాన్ని పాటించే మనుషులు, పాటించని వారిని నిలదీసే ప్రపంచం కావాలి. 1971 యుద్ధంలో మన దేశానికి దాదాపు 93,000 మంది బందీలుగా చిక్కారు. తర్వాత వారిని తిరిగి స్వదేశానికి పంపాం. అది మనం గర్వించదగిన విషయం.

మన హాస్టళ్ళ నుండి రేపు సైన్యంలో చేరబోయే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! తుపాకీ పట్టడంతో పాటు ఈ నియమాలనూ నేర్చుకోండి. మీరు చిక్కితే మీకు, మీకు చిక్కితే శత్రువుకు అవే రక్ష. సౌరభ్‌కూ, ఆ ఐదుగురు జవాన్లకూ మనమిచ్చే నిజమైన నివాళి అదే.