తివాచీ కొంటున్నారా? ముందు తిరగేసి చూడండి!

కొత్తగా ఇల్లు కట్టుకున్నా, ఫ్లాట్ కొనుక్కున్నా హాల్లో ఓ తివాచీ పరవాలన్న సరదా ఇప్పుడు మా మైలవరం దాకా వచ్చేసింది. ఫోన్లో చూస్తే రెండు వేల నుంచి రెండు లక్షల దాకా ఉంటాయి. ఫొటోలో అన్నీ ఒకేలా కనిపిస్తాయి. మరి తేడా ఎక్కడుంది? ఈ మధ్య అమ్మానాన్నల కోసం తివాచీ వెతికే పని నా మీద పడింది. నేను చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఏదైనా ఎలా తయారవుతుందో తెలిసేదాకా మనసు ఊరుకోదు. అలా తెలుసుకున్న సంగతులే ఇవి.

మన పక్కనే ఏలూరు

తివాచీ అనగానే ఇరాన్, కాశ్మీర్ గుర్తొస్తాయి. నిజానికి మనకు దగ్గర్లోని ఏలూరు ఉన్ని తివాచీలకు పాతకాలం నుంచీ పేరున్న ఊరు. ఈ పనితనం పర్షియా నుంచి వచ్చిన నేతగాళ్లతో ఇక్కడికి చేరిందని చెబుతారు. గోల్కొండ నవాబుల కాలంలో మచిలీపట్నం రేవు నుంచి పర్షియాకు ఓడలు తిరిగేవి కాబట్టి ఆ మాట నమ్మదగిందే. అటు వరంగల్ తివాచీలు 1851లోనే లండన్ మహా ప్రదర్శనకు వెళ్లాయి. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది.

ఈ రెండింటికీ తేడా ఉంది. తివాచీలో పడుగు దారాలకు ఒక్కో ముడి వేసి, పైన ఉన్ని పోగులు నిలబడేలా కత్తిరిస్తారు. అందుకే కాలు పెడితే మెత్తగా దిగుతుంది. జంపఖానాలో ముడులుండవు. పడుగూ పేకా కలిపి చదునుగా నేసేస్తారు. పల్చగా, తేలిగ్గా ఉంటుంది.

అసలు గుట్టు వెనకాలే

బెజవాడలో ఓ షాపులో 4×6 అడుగుల తివాచీ చూపించి, “ప్యూర్ హ్యాండ్‌మేడ్ సార్, ముడి ముడికీ చేత్తో వేసిందే. మీకోసం ఆరు వేలకిస్తా” అన్నాడు సేల్స్ కుర్రాడు. తిరగేస్తే వెనక గుడ్డ అతికించి ఉంది. ముడులు వేసి నేసిన తివాచీకి వెనక గుడ్డ అక్కర్లేదు. ముందున్న డిజైనే వెనకా స్పష్టంగా కనబడుతుంది. గుడ్డ ఉందంటే అది ఉన్నిని సూది యంత్రంతో గుచ్చి, జిగురుతో నిలబెట్టిన రకం. కొన్నేళ్లకు ఆ జిగురు ఎండి పొడిగా రాలుతుంది. చవగ్గా కావాలంటే కొనుక్కోవచ్చు, తప్పేం లేదు. దానికి తగ్గ ధరే ఇవ్వాలి, అంతే.

చివర వేలాడే కుచ్చులూ చూడండి. చేనేత తివాచీలో అవి పడుగు దారాల కొసలే. విడిగా కుట్టి ఉంటే అనుమానించాల్సిందే. ఉన్నో కాదో తేల్చడానికి ఊడిన పోగు ఒకటి వెలిగించండి. ఉన్నయితే వెంట్రుకలు కాలిన కమురు కంపు కొట్టి, నలిపితే బూడిదవుతుంది. సింథటిక్ అయితే కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. తడిపిన తెల్ల గుడ్డతో రుద్దితే రంగు నిలుస్తుందో లేదో కూడా తెలిసిపోతుంది.

లెక్క వేస్తే తెలుస్తుంది

వెనక ఒక చదరపు అంగుళంలో ఎన్ని ముడులున్నాయో లెక్కపెట్టండి. 60 ఉన్నాయనుకుందాం. 4×6 అడుగులంటే 3,456 చదరపు అంగుళాలు. అంటే మొత్తం 2,07,360 ముడులు. నేతగాడు రోజుకు 6,000 ముడులు వేస్తాడనుకున్నా, ఒక్కడే కూర్చుంటే దాదాపు 35 రోజుల పని. రోజుకు 500 రూపాయల కూలి వేసుకున్నా కూలికే 17,500 అవుతుంది. ఉన్ని, రంగు, రవాణా, షాపు లాభం అన్నీ ఆపైనే.

అందుకే ‘ముడులేసిన ఉన్ని తివాచీ ఆరు వేలకే’ అన్నారంటే రెండే దారులు. అది ముడులేసింది కాకపోవచ్చు. లేదంటే మగ్గం మీద కూర్చున్నవాళ్లకు కూలి గిట్టలేదు. ఒకప్పుడు ఆ మగ్గాల మీద చిన్నపిల్లలు పనిచేసేవారు. ఆ దురాగతానికి అడ్డుకట్ట వేయడానికే కైలాశ్ సత్యార్థి 1994లో రగ్‌మార్క్ ముద్ర తెచ్చారు. ఇప్పుడు దాని పేరు గుడ్‌వీవ్. ఆ ముద్ర ఉందేమో అడగండి. అడగడానికి మొహమాటం ఎందుకు?

మన ఇళ్లకు ఏది నప్పుతుంది?

“రోజూ తడిగుడ్డ పెట్టాలి కదరా, అంత బరువు ఎవరు ఎత్తుతారు?” అని అడిగింది అమ్మ. సరైన ప్రశ్న అది! మన ప్రాంతపు ఉక్కపోతకు, వానాకాలం చెమ్మకు ఉన్ని తివాచీ కింద తడి నిలిస్తే వాసనొస్తుంది, పురుగు పడుతుంది. రోజూ తుడిచే హాల్లోకి చుట్టి పక్కన పెట్టుకోగలిగే నూలు జంపఖానా హాయి. తడి తగలని పడగ్గదిలోకి ఉన్ని తివాచీ బాగుంటుంది.

పెద్దవాళ్లున్న ఇంట్లో ఇంకో మాట మరిచిపోవద్దు. టైల్స్ మీద, గ్రానైట్ మీద తివాచీ జారుతుంది. కింద జారని రబ్బరు పట్టా వేయకుండా పరవొద్దు. లేచిన అంచుకు కాలు తగిలి పడితే ఆ ఖర్చు ముందు తివాచీ ధర ఎంత?

సైజుకో చిట్కా. కొనేముందు నేల మీద పాత పేపర్లు పరిచి చూడండి. సోఫా ముందు కాళ్లు తివాచీ మీదికి రావాలి. భోజనాల బల్ల కింద వేస్తే, కుర్చీ వెనక్కి లాగినా దాని కాళ్లు తివాచీ మీదే ఉండాలి. తెచ్చాక ఆరు నెలలకోసారి తల అటూ ఇటూ మార్చండి. ఒకేచోట అరగదు, ఒకవైపే వెలవదు.

మేమైతే హాల్లోకి వరంగల్ జంపఖానా, నాన్న మంచం పక్కకు చిన్న ఉన్ని తివాచీ తెచ్చాం. పెద్దది ఒకటి కొనేకంటే మంచివి చిన్నవి రెండు మేలనిపించింది. ఏలూరు వైపు వెళ్లే పనుంటే ఓసారి మగ్గం దగ్గరికి వెళ్లి చూడండి. ముడి పడటం కళ్లారా చూశాక బేరం ఎంతదాకా ఆడాలో మీకే తెలుస్తుంది.