రైఫిల్ ఉండొచ్చు.. బోరే కీలకం!

సైనిక తుపాకీని పోలిన రైఫిల్‌ను సామాన్య పౌరులు కలిగి ఉండవచ్చా? ఉండవచ్చు. అయితే పోలికను కాదు, అది ఏ తూటాను పేల్చగలదన్న విషయాన్నే చట్టం ప్రధానంగా చూస్తుంది. ఒకప్పుడు సైన్యం వాడిన .303, ఆ తర్వాత వచ్చిన 7.62 మి.మీ. తూటాలు పేల్చగల రైఫిళ్లను 2016 ఆయుధ నిబంధనలు నిషేధిత శ్రేణిలో చేర్చాయి. వీటికి లైసెన్సు ఇచ్చే అధికారం కేంద్ర హోం శాఖకే ఉంది. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ కర్మాగారం తయారుచేసే .315 స్పోర్టింగ్ రైఫిల్ చూపునకు పాత .303ను పోలినా, ఈ నిషేధం దీనికి వర్తించదు.

దీని లైసెన్సుకు 21 ఏళ్లు నిండినవారు జిల్లా మేజిస్ట్రేట్‌కు, కమిషనరేట్ల పరిధిలోనైతే పోలీస్ కమిషనర్‌కు దరఖాస్తు చేసుకోవాలి. ఆయుధం అవసరమెందుకో వివరించాలి. పోలీసు విచారణ, శిక్షణ ధ్రువపత్రం తప్పనిసరి. 2019 సవరణ ప్రకారం లైసెన్సు గడువు 5 ఏళ్లు. ఒక్కొక్కరికి గరిష్ఠంగా 2 ఆయుధాలకే అనుమతి.

చిక్కంతా తాతల నాటి తుపాకులతోనే. లైసెన్సుదారు మరణిస్తే వారసులు ఆయుధాన్ని జాప్యం లేకుండా సమీప పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సు గల డీలరు వద్ద గానీ జమచేసి, తమ పేరిట లైసెన్సు కోరవచ్చు. జ్ఞాపకార్థం అటకపై దాచుకున్నా నేరమే. అది నిషేధిత శ్రేణి ఆయుధమైతే 7 నుంచి 14 ఏళ్ల వరకు జైలు శిక్ష పడుతుంది.