నురగ దిమ్మెలోంచి విమానం రెక్క

ఏమ్మా, విమానాన్ని ఇంటి దగ్గర ఎవరైనా కట్టుకుంటారా అని అడిగావు కదా! అమెరికాలో వేలమంది కట్టుకున్నారు, కారు పెట్టుకునే షెడ్డుల్లోనే. వాళ్లలో ఎందరికో దారి చూపినవాడు బర్ట్ రుటాన్ అనే ఇంజనీరు. కాలిఫోర్నియాలోని మొహావీలో ఆయన తయారుచేసిన లాంగ్-ఈజీ అనే ఇద్దరు కూర్చునే విమానం 1979లో ఎగిరింది. మరుసటి ఏడు నుంచి దాని ప్లాన్లు అమ్మాడు. ఏ పని తరవాత ఏ పని చెయ్యాలో బొమ్మలతో సహా చెప్పే పుస్తకమది.

ఈ విమానాన్ని ఫైబర్‌గ్లాసుతో కడతారు. మామూలుగా ఫైబర్‌గ్లాసు వస్తువు చెయ్యాలంటే ముందు అచ్చు కావాలి. ఒక్క విమానం కోసం రెక్కంత అచ్చు ఎవరు చేస్తారు? రుటాన్ అచ్చు అవసరమే లేకుండా చేశాడు. మన థర్మాకోల్ జాతిదే, ఇంకాస్త గట్టిగా ఉండే నీలం ఫోమ్ దిమ్మె తీసుకుంటారు. దాని రెండు కొసలకూ రెక్క ఆకారపు పలకలు బిగిస్తారు. కరెంటుతో వేడెక్కిన సన్నటి తీగను ఇటొకరు అటొకరు పట్టుకుని పలకల అంచు వెంబడి నడుపుతారు. రెక్క మొదట్లో వెడల్పు, చివర సన్నం. ఇద్దరూ ఒకే వేగంతో పోతే ఆకారం చెడుతుంది. అందుకని పలకల మీద అంకెలు వేసుకుని, "పది... పదకొండు..." అని ఒకరికొకరు చెప్పుకుంటూ కోస్తారు. ఈ పనంతటిలో నాకు బాగా నచ్చేది ఇదే.

కోసిన ఫోమ్ మీద గాజునూలు గుడ్డ పరిచి ఎపాక్సీ జిగురు పట్టిస్తారు. గాలిలో రెక్క పైకి వంగబోతే కింది పొర సాగాలి, పై పొర నొక్కుకోవాలి. ఆ రెండిటినీ దూరంగా నిలిపి ఉంచడమే మధ్యనున్న ఫోమ్ పని. జిగురు ఎక్కువైతే బలం రాదు, బరువు వస్తుంది. అందుకే రబ్బరు పలకతో ఒత్తి తీసేస్తారు.

గుడ్డ ఎటు పరుస్తామన్నది కూడా ముఖ్యమే. నీ తువ్వాలు ఇటివ్వు. పడుగు వెంట లాగు, పేక వెంట లాగు, సాగదు. ఎదురెదురు మూలలు పట్టి లాగు, సాగింది చూశావా? దారం తన పొడవునే బలం చూపిస్తుంది. అందుకని రెక్క వంగకుండా ఆపాల్సిన చోట దారాలు రెక్క పొడవునా, మెలి తిరగకుండా ఆపాల్సిన చోట ఏటవాలుగా పరవాలి. ఎక్కడ ఎటు పరవాలో ప్లాన్లలోనే ఉంటుంది. ఆ నీలం ఫోమ్ పెట్రోలు తగిలితే కరిగిపోతుంది కాబట్టి ట్యాంకులకు వేరే ఫోమ్ వాడమని కూడా ఉంటుంది. ఎండకు ఎపాక్సీ మెత్తబడకుండా పైన తెల్లరంగు వెయ్యాలి.

ప్లాన్ దాటితే ఏమవుతుందో కూడా విను. పెట్రోలు ఒక ట్యాంకు నుంచి ఇంకో ట్యాంకుకు మార్చే తిప్పుడు పిడిని రుటాన్ ప్లాన్లో పైలట్ కాళ్ల మధ్య పెట్టాడు. ఒక లాంగ్-ఈజీ కట్టినాయన దాన్ని పైలట్ ఎడమ భుజం వెనక్కి మార్చాడు. ఆ విమానాన్ని తరవాత గాయకుడు జాన్ డెన్వర్ కొన్నాడు. 1997 అక్టోబరు 12న అది కాలిఫోర్నియాలోని మాంటెరే తీరంలో సముద్రంలో కూలి ఆయన చనిపోయాడు. ట్యాంకు మార్చబోతూ ధ్యాస మళ్లి విమానం అదుపు తప్పిందనీ, పిడి సులువుగా చేతికందని చోట ఉండటం అందుకు ఒక కారణమనీ దర్యాప్తు తేల్చింది. ప్లాన్లో ఉన్న చోటే ఉంటే ఆయన వెనక్కి తిరగాల్సిన పనే ఉండేది కాదు.