పుట్టినింట మరల పలికిన యూనిక్స్

ప్రాచీన తాళపత్ర గ్రంథ మొకటి బయటపడినదన్న వార్త పండితులకు ఉత్సాహము కలిగించుట సహజము. కాని కంప్యూటరు కొరకు వ్రాయబడిన ప్రోగ్రాము కూడ అట్టి గ్రంథమే కాగలదనియు, దానికిని శిథిల పత్రములు, లేఖక దోషములు, లుప్త భాగములు, పరిష్కర్తలు ఉందురనియు చాలమంది తలపరు. 2016 మొదలు 2019 వరకు జరిగిన యొక కృషి ఈ సంగతిని స్పష్టముగా చూపినది. యూనిక్స్ అను లోకప్రసిద్ధమైన ఆపరేటింగ్ సిస్టము యొక్క తొలి పాఠము కాగితములపై మాత్రమే మిగిలియుండగా, దానిని కూర్చి, సరిదిద్ది, ఏ జాతి యంత్రముపై అది పుట్టినదో ఆ జాతి యంత్రముపైననే మరల నడిపించిరి. ఆ యంత్రము పేరు పిడిపి-7.

కంప్యూటరు భాగములు ఎంత గొప్పవైనను తమంతట తామేమియు చేయజాలవు. ఏ ప్రోగ్రాము ముందు నడువవలెను, జ్ఞాపకములో దేనికెంత చోటు, డిస్కుపై ఏ ఫైలు ఎక్కడ నున్నది అను వ్యవహారమునంతయు చూచుకొను మూల ప్రోగ్రామునకు ఆపరేటింగ్ సిస్టమని పేరు. ఇది బడిలో ప్రధానోపాధ్యాయుని వంటిది. ఆయన ఏ తరగతిలోను పాఠము చెప్పకపోవచ్చును. కాని ఏ గంటకు ఏ గదిలో ఎవరు అను ఏర్పాటు లేనిదే ఏ పాఠమును సాగదు.

యూనిక్స్ పుట్టుక ముచ్చటైన కథ. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమందలి బెల్ ప్రయోగశాలవారు మల్టిక్స్ అను భారీ వ్యవస్థా నిర్మాణములో భాగస్వాములై యుండి, 1969లో దాని నుండి వైదొలగిరి. అందు పనిచేసిన కెన్ థామ్సన్ అను యువకునికి చేతిలో పనిలేకపోయినను తలలో ఆలోచనలు మిగిలినవి. సూర్యకుటుంబములో అంతరిక్ష నౌకను నడుపు ఆట యొకటి ఆయన వ్రాసియుండెను. పెద్ద కంప్యూటరుపై ఆ ఆట యొకసారి ఆడుటకు యంత్రకాలపు ఖర్చే సుమారు 75 డాలర్లు! అంత ఖర్చు ఎవరు భరింతురు? అంతట ఆయన దృష్టి, ఎవరును అంతగా వాడక మూలపడియున్న చిన్న పిడిపి-7పై పడినది. ఆట కొరకు మొదలైన పని ఫైళ్ల వ్యవస్థగా పెరిగి, తుదకు ఆపరేటింగ్ సిస్టమైనది. ఆ వేసవిలో భార్య పసిబిడ్డను తీసికొని అత్తవారింటికి పోగా, మూల వ్యవస్థకు, ఆజ్ఞలు గ్రహించు షెల్‌కు, ఎడిటరునకు, అసెంబ్లరునకు వారమున కొకటి చొప్పున కాలము పంచుకొని ఆయన పని ముగించెనని ప్రతీతి. డెనిస్ రిచీ మొదలైన మిత్రులు తోడైరి. ఉభయులకును 1983లో ట్యూరింగ్ పురస్కారము లభించినది.

ఈ పిడిపి-7ను డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అను సంస్థ 1960ల నడుమ తయారుచేసెను. వెల 72,000 డాలర్లు. తయారైనవి సుమారు 120 మాత్రమే. ఈనాటి వలె గోరంత చిప్పులో ఇమిడిన మెదడు దానికి లేదు. బీరువాల నిండ ట్రాన్సిస్టర్ల పలకలు, వాని వెనుక అల్లిబిల్లిగా చుట్టిన తీగలు. జ్ఞాపకమన్నచో అయస్కాంతపు చిన్ని ఉంగరములను తీగలపై గ్రుచ్చిన వల. బెల్ ప్రయోగశాల యంత్రములో ఆ జ్ఞాపకము 8,192 వర్డులు; వర్డునకు 18 బిట్లు. అందులో సగము వ్యవస్థకే పోగా, తక్కిన సగములో వాడుకరి ప్రోగ్రాము తలదాచుకొనవలెను. మొత్తమును ఈనాటి లెక్కలో చెప్పినచో 18 కిలోబైట్లు. చేతి ఫోనుతో తీసిన సాధారణ ఛాయాచిత్రము ఇంతకు నూరింతలకు పైబడి యుండును.

ఆ ఇరుకులో వ్రాసినవారికి పొదుపు తప్పనిసరి. నడుచుచున్న ప్రోగ్రాము తన వంటిదే మరియొక దానిని పుట్టించుకొను ఏర్పాటును 'ఫోర్క్' అందురు. పిడిపి-7పై దీనికి సరిగా 27 పంక్తుల అసెంబ్లీ భాష మాత్రమే పట్టినదని రిచీ వ్రాసియున్నారు. తరువాత వచ్చిన లినక్స్ మొదలైన వ్యవస్థలు యూనిక్స్ వాక్యములను నకలు చేసికొనక పోయినను దాని మార్గమునే అనుసరించినవి. ఆండ్రాయిడ్ ఫోనులలో నుండునది లినక్సే.

ఇంత వంశవృద్ధి గల మూలపురుషుడు ఏమైనాడు? యూనిక్స్‌ను కొలది కాలములోనే పిడిపి-11 అను మరింత శక్తిమంతమైన యంత్రమునకు మార్చిరి. 1973లో దాని ప్రధాన భాగమును సి భాషలో తిరిగి వ్రాసిరి. క్రొత్త ఇల్లు కట్టినవాడు పాత పూరిపాకను కాపాడునా? పిడిపి-7 యూనిక్స్‌ను గురించి రిచీ వ్రాసిన వ్యాసములోని వర్ణన తప్ప లోకమునకు చాలకాలము వేరు ఆధారము లేకపోయినది. నన్నెచోడుని కుమారసంభవము అచ్చగువరకు ఆ కవి ఎవరో సామాన్య పాఠకునికి తెలియని స్థితి వంటిదే యిది. పైగా ఇచట పేరు తెలియును, గ్రంథమే కనబడదు.

2016లో నార్మన్ విల్సన్ అను నతని వద్దనున్న పాత ముద్రిత ప్రతుల ప్రతిబింబములు వెలికి వచ్చినవి. అవి టెలిటైపు అక్షరములతో, అంచులలో చేతివ్రాత సవరణలతో నున్న కాగితములు. అయస్కాంత ఫలకములపై నున్నది పోయి, కాగితముపై నున్నది మిగిలినదన్నమాట. ఆస్ట్రేలియాకు చెందిన వారెన్ టూమీ, మరికొందరు ఉత్సాహవంతులు కలిసి వానిని పరిష్కరించుటకు పూనుకొనిరి.

పాత ప్రతిని పరిష్కరించినవారు ఎవరైనను వారి కష్టములను గుర్తింపగలరు. మసకబారిన చోట అది అక్షరమా, అంకెయా? చుక్కయా, కామాయా, లేక కాగితముపై మరకయా? కావ్యములో ఒక్క అక్షరము తప్పినను సహృదయుడు సందర్భమును బట్టి సరిదిద్దుకొని ముందుకు పోవును. యంత్రమునకు ఆ దాక్షిణ్యము లేదు. ఒక్క చిహ్నము మారినచో పనియే ఆగిపోవును, లేదా మరింత ప్రమాదకరముగా, తప్పుడు పనిని గంభీరముగా చేసికొనిపోవును. సి.పి. బ్రౌను కడపలో పండితులను కూర్చుండబెట్టి వేమన పద్యముల అనేక ప్రతులను సరిపోల్చించెను. టూమీ బృందమునకు సరిపోల్చుటకు రెండవ ప్రతి చేత లేదు. ఛందస్సు వలె వారికి సాయపడినది యంత్రనియమ మొక్కటియే: ఈ వాక్యము ఈ యంత్రమునకు అర్థమగునా, కాదా?

కాని ఆ వాక్యములను అంకెలుగా మార్చు అసెంబ్లరు ఏది? దాని పాఠమును ఆ కాగితములలోనే యున్నది. అదియు అదే భాషలో నున్నది! తాళము పెట్టెలోను, పెట్టె తాళపుచెవి పెట్టెలోను ఉన్నట్లు. అందుచేత మొదట పెర్ల్ అను ఆధునిక భాషలో సొంత అసెంబ్లరు నొకదానిని వ్రాసికొనిరి. దానితో మూలములోని అసెంబ్లరును యంత్రభాషలోనికి మార్చిరి. అటుపిమ్మట ఆ పాత అసెంబ్లరు తన పని తాను చేయజొచ్చినది. కెన్ థామ్సనుకు ఆదిలో ఇట్టి చిక్కే కలిగెను. ఆయన జి.ఇ.-635 అను పెద్ద కంప్యూటరుపై ప్రోగ్రాములను సిద్ధపరచి, కాగితపు టేపులపై రంధ్రములు వేయించి, వానిని చేతబట్టుకొని పిడిపి-7 వద్దకు నడిచిపోయెడివాడు. పరిష్కర్తలు తెలిసియో తెలియకయో ఆయన అడుగుజాడలలోనే నడిచిరి.

ఆ కాగితములలో షెల్ లేదు. షెల్ అనగా వాడుకరి ఆజ్ఞను చదివి వ్యవస్థకు అందజేయు ప్రోగ్రాము. అది లేనిదే లోపల ఎంత సంపద యున్నను వాకిలి లేని ఇల్లే. ఫిల్ బడ్ని అను నతడు మిగిలిన భాగముల శైలిని, ఆ కాలపు పొదుపును గమనించి షెల్‌ను క్రొత్తగా వ్రాసెను. ఇది తెలుగువారికి క్రొత్త సంగతి కాదు. నన్నయ అరణ్యపర్వము నడుమ విడిచిన శేషమును ఎఱ్ఱన పూరించి, రాజరాజనరేంద్రుని పేరనే చెప్పెను. ఒక భేదము కలదు: ఎఱ్ఱన వినయముతో తన్ను మరుగుపరచుకొనగా, ఈ పరిష్కర్తలు తాము వ్రాసిన దానిని మూలముతో కలుపక వేరొక చోట నుంచిరి. చరిత్ర దృష్టితో చూచినచో యంత్రగ్రంథమునకు ఈ రెండవ పద్ధతియే తగినది. ఏది 1970 ప్రాంతపుదో, ఏది 2016 నాటిదో పాఠకునికి తెలియవలెను కదా.

ఇంతవరకు జరిగినదంతయు సిమ్యులేటరుపైన. అనగా పిడిపి-7 ప్రవర్తనను అనుకరించు ప్రోగ్రాము. అసలు యంత్రము మాట యేమి? అమెరికాలోని సియాటిల్ నగరమందు మైక్రోసాఫ్ట్ స్థాపకులలో ఒకడైన పాల్ ఆలెన్ నెలకొల్పిన లివింగ్ కంప్యూటర్స్ అను మ్యూజియము, 2012 నుండి ప్రజలకు ప్రవేశము కల్పించి, పాత యంత్రములను అద్దాల వెనుక నుంచక నడుచు స్థితిలో చూపుచుండెను. 2017లో విశ్రాంత ఇంజనీరొకరి ఇంటి నేలమాళిగలో 129వ సంఖ్య గల పిడిపి-7 ఉన్నట్లు తెలిసినది. అది పిమ్మట ఆ మ్యూజియమునకు చేరినది.

ఇట్టి యంత్రములను తెచ్చినవెంటనే మీట నొక్కి వెలిగించుట ప్రమాదము. విద్యుత్తును నిలువచేయు కెపాసిటర్లు దశాబ్దములు గడచిన పిదప పొంగియో, ఎండియో యుండును. మొదట విద్యుత్ సరఫరాను విడిగా పరీక్షించి, పలకలను ఒక్కొక్కటిగా చూచి, చెడిన ట్రాన్సిస్టర్లను మార్చవలెను. మరియొక పెద్ద లోటు: యూనిక్స్‌కు ప్రాణాధారమైన నాటి డిస్కు మ్యూజియమునకు లభింపలేదు. మ్యూజియము ఇంజనీర్లు ఆ డిస్కు వలెనే ప్రవర్తించు పరికరమును ఆధునిక భాగములతో నిర్మించిరి. యంత్రమునకు తాను మాటాడునది క్రొత్తదానితో నన్న సంగతి తెలియదు. యూనిక్స్‌కు ఏబది యేండ్లు నిండిన 2019లో ఆ పిడిపి-7పై తొలి యూనిక్స్ మరల నడిచినది. ఈ 129వ యంత్రము బెల్ ప్రయోగశాలది కాదు. అయినను సోదరి యిల్లు పుట్టినింటితో సమానమే.

సిమ్యులేటరు ఉండగా ఇంత శ్రమ యెందుకని అడుగువారు కలరు. ప్రశ్న తీసివేయదగినది కాదు. సిమ్యులేటరునకు తీగలు తెగవు, ధూళి పట్టదు, విద్యుత్తు ఖర్చు స్వల్పము. అయితే అది పాత యంత్రపు గ్రంథములను చదివి ఈనాటివారు వ్రాసినది. వారి అవగాహనలో పొరపాటున్నచో, ఆ పొరపాటునకు అనుగుణముగ పాఠమును సరిదిద్దుకొను ప్రమాదము కలదు. తానే వ్యాఖ్యాతయు తానే సాక్షియు నైనట్లగును. అసలు యంత్రము ఎవరి వ్యాఖ్యను చదివినది కాదు. అది ఒప్పుకొన్న పాఠమునకు గల ప్రామాణ్యము వేరు.

ఈ విషయము తెలుగు దేశమునకు దూరమైనదని తోచవచ్చును. కాని అదే కెన్ థామ్సన్ 1992లో రాబ్ పైక్‌తో కలిసి యుటిఎఫ్-8 అను అక్షర సంకేత పద్ధతిని రూపొందించెను. ఈనాడు ఫోనులలో, కంప్యూటర్లలో తెలుగు లిపి ప్రయాణించుచున్నది ప్రధానముగా ఆ బండిలోనే. 'తెలుగు' అను మాటలో హల్లులు మూడు, అచ్చుల గుర్తులు మూడు, వెరసి ఆరు సంకేతములు. ఒక్కొక్కటికి మూడు బైట్లు చొప్పున 18 బైట్లు. బిట్ల లెక్కను ఆ ఒక్క మాటకు పిడిపి-7లో ఎనిమిది వర్డులు కావలెను.

1990లలోను, అటు తరువాత కొంతకాలమును అచ్చైన అనేక తెలుగు పుస్తకముల కంప్యూటరు ప్రతులు ఈ పద్ధతిలో లేవు. ఆనాటి ఫాంట్లు వేని సంకేతములు వానివే. ఆ ఫాంటు, ఆ ప్రోగ్రాము లేనిచోట ఆ ఫైలును తెరచినచో తెలుగునకు మారుగ అర్థరహితమైన ఆంగ్లాక్షరములు కనబడును. ముప్పదియేండ్ల నాటి ఫైలు చదువుటకు కష్టమై, మూడువందల యేండ్ల నాటి తాటాకు చదువుటకు సులభమగుట వింతయే. పాత కంప్యూటరును పాత ప్రోగ్రాములతోడనే భద్రపరచినవాడు అట్టి ఫైళ్లకు నేడు ఉపకారి.

ఆ సియాటిల్ మ్యూజియము 2020లో మహమ్మారి కాలమున మూతపడినది. పాల్ ఆలెన్ అంతకు ముందే, 2018లో మరణించెను. 2024లో మ్యూజియమును ఇక తెరువబోమని ప్రకటించి, సేకరణలోని వస్తువులు కొన్నిటిని క్రిస్టీస్ సంస్థ ద్వారా వేలము వేసిరి. పరిష్కృతమైన పాఠము మాత్రము ఏ ఒక్క భవనమునందును బందీగా లేదు. టూమీ బృందము దానిని అందరికిని అందుబాటులో నుంచినది. సిమ్యులేటరు నడుపగల సామాన్యమైన కంప్యూటరు, కొంచెము ఓపిక యున్న విద్యార్థి ఎవరైనను దానిని తెచ్చుకొని, 1969 నాటి వ్యవస్థలో ప్రవేశించి, పంక్తి పంక్తిగా దాని మూలమును చదువవచ్చును. రిచీ చెప్పిన ఆ ఫోర్క్ పంక్తులను కూడ వెదకవచ్చును.