రెండు తెరల నడుమ ఒక పట్టీ

కొత్తకోట, వనపర్తి, ఆత్మకూరు, మక్తల్ ప్రాంతముల నుండి బయలుదేరి, హైదరాబాదులో విద్య ముగించుకొని, సముద్రముల కావలి దేశములలో స్థిరపడిన మన పాలమూరు బిడ్డలలో పెక్కుమందికి కంప్యూటరే జీవనాధారమగుటయు, ఒక్క తెర చాలక వారి బల్లమీద రెండేసి మూడేసి మానిటర్లు చేరుటయు నేడు సర్వసాధారణములైన విషయములు. అయినను ఆ తెరల యంచున నుండు ప్యానెలును గూర్చి, అనగా తెరచియున్న విండోల పేర్లను, గడియారమును, భాషాసూచికను మోయుచుండు ఆ సన్నని పట్టీని గూర్చి, శ్రద్ధ వహించువారు మిక్కిలి అరుదు. పట్టీ ఏ తెరపై నుండవలెనో ముందుగా నిర్ణయించుకొననిచో, ఎన్ని తెరలు కొన్నను ఆ సౌఖ్యములో సగము మెడనొప్పికే చెల్లిపోవునని నా దృఢాభిప్రాయము.

ఈ చిక్కు క్రొత్తది కాదు. 1987లో వెలువడిన మాకింటాష్ టూ యంత్రమునకే ఒకటికి మించిన తెరలను కలుపుకొను సౌకర్యముండెను. విండోస్ 98 దానిని సామాన్యుల యిండ్లకు తెచ్చినది. కాని తెరలు పెరిగినంత వేగముగా పట్టీలు పెరుగలేదు. విండోస్ టాస్క్‌బార్ 2012లో విండోస్ 8 వచ్చువరకు ప్రధాన తెరకే పరిమితమై యుండెను. మాక్ యంత్రములలో మెనూబార్ ప్రతి తెరమీదను కనబడుట 2013 నాటి మావెరిక్స్‌తో మొదలైనది. విండోస్ 11 వాడువారు టాస్క్‌బార్‌ను అన్ని తెరలమీద చూపుమని యెంచుకొని, ఏ విండో బొత్తము ఆ విండో యున్న తెరమీదనే కనబడునట్లు అమర్చుకొనుట మేలు. అన్ని బొత్తములను అన్ని పట్టీలమీద నింపుట కన్నులకు శ్రమయే గాని లాభము లేదు.

లినక్స్ వాడువారికి స్వాతంత్ర్యము హెచ్చు, దానితోపాటు చిక్కులును హెచ్చు. 2011లో వచ్చిన గ్నోమ్ 3 అను డెస్క్‌టాపు తన పై పట్టీని ప్రధాన తెరయందే నిలిపినది; కేడీఈ ప్లాస్మాలో ప్రతి ప్యానెలును ఒక తెరకు చెందియుండును. ఒలివియే ఫూర్దాఁ 1996లో ఆరంభించిన మరియొక డెస్క్‌టాపగు ఎక్స్ఎఫ్‌సీఈలోనైతే, ప్యానెల్ తనంతట చోటు చూచుకొనవలెనా, ప్రధాన తెరను వెంబడింపవలెనా, లేక ఫలానా మానిటరునే అంటిపెట్టుకొనవలెనా యని మనమే చెప్పవచ్చును. మూడవదానిని ఎంచుకొనువారు ఒక్క సంగతి గుర్తెరుగవలెను. యంత్రము అట్టి మానిటరును హెచ్‌డీఎంఐ-1, డీపీ-2 అని తీగ తగిలించిన సాకెట్టు పేరుతో పిలుచును గావున, తీగను ఒక సాకెట్టు నుండి మరియొకదానికి మార్చినచో, మానిటర్ అదియే యైనను పేరు మారి, ప్యానెల్ తన స్థానమును కోల్పోవును. ఉద్యోగశాలలో ఒక డాకును (లాప్‌టాపును తెరలకు కలుపు పెట్టెను), ఇంట మరియొక డాకును వాడువారు ప్రధాన తెరను వెంబడించు పద్ధతినే అవలంబించుట క్షేమకరము.

ఇంతకన్న సూక్ష్మమైన విషయము మరియొకటి కలదు. లినక్స్‌లో తెరలను నడుపు పాత ఎక్స్ వ్యవస్థలో ప్యానెల్ తనకొరకు కొంత స్థలమును ప్రత్యేకించుకొని, పెద్దవి చేసిన విండోలు తనమీదికి రాకుండ కాపాడుకొనును; కాని ఆ స్థలమును తానున్న తెర యంచు నుండి గాక, అన్ని తెరలను కలిపిన మొత్తము వైశాల్యపు టంచు నుండి కొలుచును. 1920 చుక్కల (పిక్సెళ్ళ) వెడల్పుగల రెండు మానిటర్లను ప్రక్కప్రక్కన నుంచి, కుడి మానిటరు ఎడమ యంచున 48 చుక్కల నిలువు పట్టీ నొకదానిని పెట్టితిమనుకొందము. అప్పుడు ఆ ప్యానెల్ కోరవలసిన స్థలము 48 కాదు, 1968 చుక్కలు. అనగా ఎడమ తెర యావత్తును దాని పాలగును. ఈ యనర్థమునకు జడిసి కొన్ని ప్యానెళ్ళు అట్టి చోట స్థలము నడుగుటయే మానును, విండోలు వచ్చి పట్టీని కప్పివేయును. చూచువాడు యంత్రము చెడినదని భ్రమపడును గాని, చెడినదేమియు లేదు. నిలువు పట్టీని రెండు తెరలు కలియుచోట గాక వెలుపలి యంచున నుంచినచో బాధ తీరును. ప్రక్కప్రక్కనున్న తెరలలో అడుగున నుంచిన అడ్డపట్టీకి ఈ బాధ లేనేలేదు. ఎక్స్‌కు బదులుగా వచ్చిన వేలాండ్ పద్ధతిలో స్థలమును తెరకు తెర వేరుగా కొలుచుటచే ఈ చిక్కు మూలముతోనే తొలగినది.

పత్రికా సంచికల కూర్పునకు పూనుకొనువారికి ఈ పట్టీల యమరికలో ప్రత్యేక ప్రయోజనము కలదు. ఒక తెరమీద రచయిత పంపిన ప్రతిని, మరియొకదానిమీద పుట కూర్పును ఉంచుకొని, క్షణమునకొకమారు తెలుగునకును ఇంగ్లీషునకును కీబోర్డును మార్చుచు పనిచేయువారి చూపు భాషాసూచికమీద నుండక తప్పదు. విండోస్ 11లో ఆ సూచిక ప్రధాన తెర మూలనే యుండును గావున, పెద్ద మానిటరను కారణమున గాక, టైపు చేయునది యను కారణముననే ప్రధాన తెరను నిర్ణయించుకొనవలెను. ఎక్స్ఎఫ్‌సీఈలో సూచికను కావలసిన ప్యానెలులో చేర్చుకొనుట మన చేతిలోని పని.

మా కొత్తకోటకు చేరువనున్న సరళాసాగరము 1959లో ప్రారంభమైన జలాశయము. నీరు నిండు మట్టమునకు చేరినంతనే మనుష్య ప్రమేయము లేకయే పనిచేయు సైఫన్లు దాని విశేషము. తీగ ఊడదీసినప్పుడు ప్యానెలును అట్లే, ఎవరును పిలువకయే, మిగిలిన తెరకు తరలిరావలెను. ఎక్స్ వ్యవస్థకు చేర్చిన 2007 నాటి రాండర్ 1.2 అను విస్తరణ వలన, పని నడుచుచుండగానే తెరలను కలుపుటయు విడదీయుటయు సాధ్యమైనది. 2019లో వెలువడిన ఎక్స్ఎఫ్‌సీఈ 4.14 ఏయే తెరల కూటమికి మనము ఏ యమరికను భద్రపరచితిమో గుర్తుంచుకొని, మరల ఆ తెరలే చేరినప్పుడు దానినే నెలకొల్పుచున్నది. దసరాకు లాప్‌టాప్ ఒక్కటి చేతబట్టుకొని యూరికి వచ్చువారు, బయలుదేరుటకు పూర్వమే తీగలను విడదీసి, దాని చిన్న తెరమీద ప్యానెల్ నిలిచినదో లేదో ఒకమారు చూచుకొని, ఆ యమరికను వేరు పేరుతో భద్రపరచుకొనవలెను.