ఆటల పిల్లలున్న ఇంట్లో మందుల డబ్బా జాగ్రత్త!

పిల్లవాడు రాత్రంతా దగ్గుతున్నాడనుకోండి. మనం ఏం చేస్తాం? మందుల షాపు నుంచి ఒక దగ్గు మందు సీసా తెప్పించి, రెండు చెంచాలు పట్టించి పడుకోబెడతాం. ఇందులో తప్పేముంది అంటారా? ఆ పిల్లవాడు పోటీల్లో ఆడేవాడైతే ఆ రెండు చెంచాలే కొంప ముంచవచ్చు!

క్రికెటర్ పృథ్వీ షా సంగతే చూడండి. 2019లో అతని మూత్ర పరీక్షలో టెర్బుటలిన్ అనే మందు బయటపడింది. అది మన దేశంలో ఎన్నో దగ్గు మందుల్లో ఉండేదే. దగ్గుకోసమే తాగానన్న అతని మాటను క్రికెట్ బోర్డు నమ్మింది. అయినా 8 నెలలు ఆడకూడదంది. అంతకు ముందు 2017లో యూసుఫ్ పఠాన్ కూడా ఇదే మందుతో పట్టుబడి 5 నెలల నిషేధం అనుభవించాడు.

తెలియక తాగితే కూడా శిక్షేనా? అవునండీ, నియమం అలాంటిది. ఒంట్లో ఏముంటే దానికి ఆటగాడిదే పూచీ. ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు అన్నది శిక్ష తగ్గించడానికి పనికొస్తుందేమోగాని, తప్పు మాత్రం తప్పే. కావాలని వాడినట్టు తేలితే నిషేధం 4 ఏళ్ళ దాకా ఉంటుంది.

అమ్మ ఇచ్చిన మాత్ర

ఆస్ట్రేలియా స్పిన్నర్ షేన్ వార్న్ పేరు మీ ఇంట్లో మగవాళ్ళ నోట వినే ఉంటారు. 2003 ప్రపంచ కప్పు మొదలయ్యే వేళకు అతన్ని ఇంటికి పంపేశారు. సన్నగా కనిపించడానికి వాళ్ళమ్మ ఇచ్చిన మాత్ర వేసుకున్నానని చెప్పాడు. అది ఒంట్లోని నీటిని తీసేసే మాత్ర. ఏడాది నిషేధం పడింది. ఈ రకం మాత్రలు వేరే మందుల ఆనవాళ్ళను మూత్రంలో పలచన చేసి దాచగలవు కాబట్టి వాటినీ నిషేధించారు. మీ అత్తగారు బి.పి.కి వాడే మాత్రల్లోనూ ఇదే రకం ఉండవచ్చు. చూశారా, ప్రమాదం ఎంత దగ్గరలో ఉందో!

మన ఊళ్ళకెందుకీ గొడవ?

అలా అనుకోకండి. మడకశిర వైపు పల్లెల్లో వాన పడితే వేరుశనగ పంట, పడకపోతే అప్పు. అలాంటి ఇళ్ళలో పిల్లల కాళ్ళమీదే ఎన్నో ఆశలు. తెల్లవారుజామునే పోలీసు, మిలిటరీ సెలక్షన్ల కోసం రోడ్డుమీద పరుగులు తీసే కుర్రాళ్ళున్నారు. కబడ్డీ, ఖోఖో ఆడే ఆడపిల్లలున్నారు. స్పోర్ట్స్ కోటాలో ఒక సీటు, ఒక ఉద్యోగం వస్తే ఇల్లు నిలబడుతుంది. ఆ తొందరలోనే ఎవరో ఒకరు "ఈ పొడి తాగు, ఈ ఇంజెక్షన్ చేయించుకో, నెలలో తేడా నీకే తెలుస్తుంది" అంటారు.

చెప్పేది కోచ్ అయినా సరే, కళ్ళు మూసుకుని నమ్మకండి. 2011లో మన దేశపు రిలే పరుగుల అమ్మాయిలు ఆరుగురు స్టెరాయిడ్ల పరీక్షలో పట్టుబడ్డారు. వారిలో అశ్వినీ అక్కుంజి మన పొరుగు రాష్ట్రం కర్ణాటక పల్లె పిల్ల. 2010 కామన్వెల్త్, ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు తెచ్చిన బిడ్డ. కోచ్ ఇచ్చిన జిన్‌సెంగ్ వల్లే ఇలా జరిగిందని వాళ్ళు మొత్తుకున్నారు. మొదట ఏడాది నిషేధం వేశారు. 2012లో అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం దాన్ని రెండేళ్ళు చేసింది.

పట్టుబడకపోయినా ఒళ్ళు వదలదు

చిన్న పోటీల్లో పరీక్షలెవరు చేస్తారులే అనేవారూ ఉన్నారు. నిజమే, చేయకపోవచ్చు. కాని స్టెరాయిడ్లు ఆడపిల్లకు గొంతు బొంగురు చేస్తాయి, మొహాన వెంట్రుకలు తెస్తాయి, నెలసరి తప్పిస్తాయి. బొంగురుపోయిన గొంతు మందు మానినా మళ్ళీ మామూలుగా రాకపోవచ్చు. మగపిల్లలకు రొమ్ములు పెరగడం, వృషణాలు కుంచించుకుపోవడం జరుగుతుంది. ఎదిగే వయసులో వాడితే పొడుగు ఆగిపోవచ్చు. కాలేయం, గుండె సరేసరి.

పాత తూర్పు జర్మనీలో చిన్న వయసు క్రీడాకారిణులకు విటమిన్లని చెప్పి ఈ మాత్రలే మింగించారు. పిల్లలకూ తెలియదు, తల్లులకూ తెలియదు. 2000లో బెర్లిన్ కోర్టు అక్కడి క్రీడాధిపతిని దోషిగా తేల్చింది. అప్పటికే ఆ ఆడపిల్లల ఆరోగ్యం పాడైపోయింది.

మీరు చేయగలిగినవి

* ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ముందుగా "మా అమ్మాయి పోటీల్లో ఆడుతుంది" అని చెప్పండి.

* ఉబ్బసం లాంటి జబ్బుకు నిషేధించిన మందు తప్పనిసరైతే, ముందుగానే నాడా సంస్థకు అర్జీ పెట్టుకుని అనుమతి పొందే వీలుంది. అంతేగాని, భయపడి వైద్యం మాత్రం మానిపించకండి.

* నిషేధ జాబితా ఏటా జనవరి 1న మారుతుంది. నిరుడు వాడిన మందేగదా అనుకోకుండా మళ్ళీ అడగండి.

* పెద్దవాళ్ళ మందులు, ఆటల పిల్లల మందులు వేరువేరు డబ్బాల్లో ఉంచండి. వాడిన మందు చీటీలు, అట్టలు దాచండి.

* లేబుల్ లేని పొడి, పేరు చెప్పని ఇంజెక్షన్ ఇంటి గడప దాటి రానివ్వకండి. పేరున్న డబ్బాలో కూడా లేబుల్‌పై రాయని మందులు కలిసిన సందర్భాలున్నాయి.

బలం మన వంటింట్లోనే

వంద గ్రాముల వేరుశనగ గింజల్లో సుమారు 25 గ్రాముల మాంసకృత్తులుంటాయి. ఉలవల్లో 22 గ్రాములు. రాగుల్లో సున్నం పాళ్ళు బియ్యంలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. పొద్దున రాగి జావ, పరుగు తర్వాత నానబెట్టిన వేరుశనగ, బెల్లం ముక్క, మధ్యాహ్నం సంగటిలోకి ఉలవచారు, వీలైతే రోజుకో గుడ్డు, రాత్రి గ్లాసు పాలు... ఏ పరీక్షలోనూ ఇవి పట్టుబడవు!

2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మన శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమే. మీ అమ్మాయి ఆమె అంత ఎత్తుకు చేరుతుందో లేదో ఇప్పుడే చెప్పలేం. కాని రేపు ఓడి ఇంటికొచ్చిన రోజున "ఏం ఫరవాలేదమ్మా, అన్నం తిను" అనే మాట మీ నోట రావాలి. ఆ ధైర్యం ఉన్న పిల్ల అడ్డదారి పొడులు వెతుక్కోదు.